తాడుకు రెండు కొసలు

మధురవాడ కొండవాలున కట్టిన గిరిసాగర్ హైట్స్‌కు పన్నెండు అంతస్తులు, రెండు లిఫ్టులు, పదకొండు కుక్కలు, నూట నలభై రెండు నిబంధనలు ఉన్నాయి. లిఫ్టుల్లో ఒకటి రెండేళ్లుగా మరమ్మతు పరిశీలనలో ఉంది. కుక్కలు, నిబంధనలు మాత్రం అన్నీ పనిచేస్తున్నాయి.

ఏడో అంతస్తులో నూకరత్నం జాకెట్లు కుడుతుంది. అనకాపల్లి నుంచి వచ్చి ఆరేళ్లయింది. ఆమె కుట్టిన జాకెట్టు చంక దగ్గర పట్టదు, వీపు మీద ముడత పడదు. అందుకని ఆ భవనంలో ఏ ఇంట్లో శుభకార్యం తలపెట్టినా పురోహితుడి కంటే ముందు ఆమెకే కబురు వెళ్తుంది. ఆ ఏడు శ్రావణంలో నాలుగో అంతస్తు సుహాసిని పెళ్లి. పద్నాలుగు జాకెట్లు, ఇరవై రెండు రోజులు. మగ్గం పని చేయించిన పెళ్లికూతురి జాకెట్టు ఒక్కటే నాలుగు రోజులు తినేస్తుంది. లెక్క సరిపోతుందనే అనుకుంది నూకరత్నం. కుక్కను లెక్కలోకి తీసుకోలేదు.

ఆ సోమవారం పొద్దున్న ఏడింటికి, కింది అంతస్తులో ఒకావిడ జాకెట్టు వదులు చేసిచ్చి, చేతిసంచీతో లిఫ్టు ఎక్కింది. ఆమె వెనకాలే బొబ్బట్టు ఎక్కింది. బొబ్బట్టు గోధుమరంగు కుక్క. కాళ్లు పొట్టి, పొట్ట గుండ్రం, మనుషులందరూ తన చుట్టాలేనని నమ్మకం. దాని యజమాని జగన్నాయకులు మాస్టారు లెక్కలు చెప్పి రిటైరైనవారు. ఆయన ఇంకా లిఫ్టు బయటే ఉన్నారు. ఎడం చేతిలో తాడు, కుడి చేతిలో ఫోను. గ్యాసు కంపెనీ వాళ్లు భాష ఎంచుకోమని అడుగుతుంటే ఎంచుకుంటున్నారు.

తలుపు మూసుకుంది. మనిషి చెయ్యి అడ్డొస్తే ఆగే తలుపే అది. సన్నటి తాడు దానికి అడ్డంలా కనబడలేదు. పైన తొమ్మిదో అంతస్తులో ఎవరో మీట నొక్కి ఉన్నారు. లిఫ్టు కదిలింది.

నూకరత్నం చూసేసరికి తాడు తలుపు సందులో బిగిసిపోయి ఉంది. లిఫ్టు పైకి పోతోంది, తాడు కిందే ఉండిపోయింది, మధ్యలో బొబ్బట్టు మెడ. అది ఒక్క మొరుగు కూడా మొరగలేదు. గోళ్లు నేల మీద బరబరా జారుతూ వెళ్లి తలుపుకు అతుక్కుపోయింది. నూకరత్నం సంచీ బోర్లించింది. గుండీలు, హుక్కులు, దారం ఉండలు నేలంతా పడ్డాయి. కత్తెర చేతికి తగిలింది. మెడపట్టీకి, తాడుకూ మధ్య వేలు దూర్చి, ఆ వేలి పక్కనుంచి ఒక్క కోత కోసింది. తాడు పాములా సందులోకి జారిపోయింది. బొబ్బట్టు రెండుసార్లు దగ్గి, ఆమె చీర కుచ్చిళ్లలో తల దూర్చేసింది.

తొమ్మిదో అంతస్తు నుంచి మళ్లీ కిందికి దిగేసరికి మాస్టారు గోడకు చారగిలబడి నేల మీద కూర్చుని ఉన్నారు. మణికట్టు కమిలిపోయింది. ఫోనులో ఎవరో ఇంకా ఒకటి నొక్కమంటున్నారు.

"ఉందా?" అన్నారాయన.

"ఉందండీ. భయపడిపోయింది, అంతే. మీరు తాడు పొట్టిగా పట్టుకోండి మాస్టారూ. దానితోపాటే మీరూ ఎక్కండి. ఆ ఫోను జేబులో ఎట్టుకోండి."

ఆయన తల ఊపి, కుక్కను ఒళ్లోకి తీసుకుని ఏడ్చారు. విషయం నిజానికి అక్కడితో అయిపోయింది. కానీ గిరిసాగర్ హైట్స్‌లో ఏ విషయమూ అసోసియేషన్‌కు చేరకుండా అయిపోవడానికి వీల్లేదు. అది పదకొండో నిబంధన.

మర్నాడు నూకరత్నానికి కాగితం అందింది. 'లిఫ్టునందు పదునైన పరికరము కలిగియుండుట', 'అన్యులకు చెందిన తాడును వారి లిఖితపూర్వక అనుమతి లేకుండా ఛేదించుట' అన్న రెండు అంశాలపై సంజాయిషీ ఇవ్వాలి. సెక్యూరిటీ సూపర్‌వైజరు ఎర్నాయుడు దాన్ని పట్టుకొచ్చి, గుమ్మంలో నిలబడి తల గోక్కున్నాడు.

"నానేటి సేస్తానమ్మా. ఆళ్లు రాసినారు, నాను తెచ్చినాను."

"కుక్క బతికింది కదా నాయుడూ."

"బతికిందని అందులో రాసినారమ్మా. మూడో పేరాలో. 'శునకము క్షేమము' అని."

అసోసియేషన్ అధ్యక్షుడు దివాకరం గారు ప్రభుత్వంలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి జాయింట్ డైరెక్టరుగా దిగినవారు. ఏ శాఖ అని అడిగితే 'సమన్వయం' అనేవారు. మంచి మనిషి. ఎవరింట్లో జబ్బు చేసినా మొదట పరామర్శకు వచ్చేది ఆయనే. వచ్చి, రోగి పేరు, అంతస్తు, జబ్బు రాసుకుని వెళ్లేవారు. నూకరత్నం ఆయన గదిలోకి వెళ్లేసరికి ఉపాధ్యక్షుడు సాంబమూర్తి గారు కూడా ఉన్నారు. సాంబమూర్తి గారు మందుల కంపెనీలో సేల్సు చేసి మానేసిన మనిషి. భారీ శరీరం, మెత్తటి గొంతు. మీటింగుల్లో ఆయన పని బలపరచడం.

"కూర్చోమ్మా," అన్నారు దివాకరం గారు. "నీ ధైర్యసాహసములను కార్యవర్గము గుర్తించినది. సంజాయిషీ సాధారణ ప్రక్రియ. మనసులో పెట్టుకోకు."

"అలాగేనండి. తాడు పొట్టిగా పట్టుకోమని ఒక బోర్డు రాయించండి చాలు. నా దగ్గర సుద్ద ఉంది, నేనే రాసేస్తాను."

దివాకరం గారు జాలిగా నవ్వారు. "అది అభిప్రాయం. మనకు కావలసినది విధానం."

"బలపరుస్తున్నాను," అన్నారు సాంబమూర్తి గారు.

ఆ వారమే మొదటి సర్క్యులర్ వెలువడింది. తాడు కట్టిన కుక్కలను లిఫ్టులోకి తీసుకురాకూడదు. కుక్కలవాళ్లు బుద్ధిగా లిఫ్టు ముందు తాళ్లు విప్పేశారు. అయితే ముప్పై ఎనిమిదో నిబంధన ప్రకారం తాడు లేని కుక్క ఉమ్మడి స్థలంలో ఉండకూడదు. లిఫ్టు ఉమ్మడి స్థలమే. ఎర్నాయుడు రెండు పుస్తకాలు తెరిచాడు. తాడుతో వచ్చినవాళ్ల పేర్లు ఎర్ర పుస్తకంలోకి, తాడు లేకుండా వచ్చినవాళ్ల పేర్లు నీలం పుస్తకంలోకి వెళ్లాయి. మెట్లెక్కినవాళ్ల పేర్లు ఎందులో రాయాలో తెలీక వాళ్లకు నమస్కారం పెట్టేవాడు. మూడో రోజున జగన్నాయకులు మాస్టారు బొబ్బట్టును చంకనెత్తుకుని ఎనిమిది అంతస్తులు ఎక్కబోయి, అయిదో అంతస్తు దగ్గర దానికి క్షమాపణ చెప్పుకుని కూర్చుండిపోయారట.

దాంతో కార్యవర్గం మళ్లీ సమావేశమైంది. దివాకరం గారు ప్రమాదాన్ని మూలానికి వెళ్లి పరిశీలించారు. ఆ పరిశీలన రెండో సర్క్యులర్‌గా అచ్చయింది.

'తాడు అనగా రెండు కొసలు గల వస్తువు. ఒక కొస లిఫ్టు లోపలను, రెండవ కొస బయటను ఉండుట వలననే ప్రమాదము సంభవించినది. కావున తలుపు మూయబడుటకు పూర్వము రెండు కొసలును లోపలనే ఉన్నవని అధీకృత వ్యక్తి కన్నులారా చూచి ధ్రువీకరించవలెను. ఇందునిమిత్తము సదరు సంఘటనయందు అనుభవము గడించిన శ్రీమతి నూకరత్నము గారిని కొసల ధ్రువీకరణ అధికారిగా నియమించడమైనది.'

నూకరత్నం ఆ కాగితం పట్టుకుని కిందికి దిగింది.

"నాకు పెళ్లి జాకెట్లున్నాయండి. పద్నాలుగు. ఇంకా మూడే అయ్యాయి."

"పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది. మిగతా కాలమంతా నీదే కదమ్మా."

"నా వల్ల కాదంటేనండీ?"

దివాకరం గారు నొచ్చుకున్నారు. సొరుగులోంచి ఒక దస్త్రం తీసి, దుమ్ము ఊది, తెరిచారు. "తొంభై ఒకటో నిబంధన. నివాస గృహమునందు వృత్తి నిర్వహణ. నీ కుట్టు మిషనుకు అనుమతి ఏటేటా పునరుద్ధరించాలి. ఆరేళ్లుగా నేను దాన్ని చూడలేదు. ఎందుకు చూడలేదు? నువ్వు మా మనిషివని. ఇప్పుడు నువ్వు కాదంటే, దాన్ని చూడవలసి వస్తుంది. చూస్తే, చూడనట్టు ఉండలేను. అది నా బలహీనత."

సాంబమూర్తి గారు బలపరచబోయి, నూకరత్నం ముఖం చూసి, గ్లాసులో నీళ్లు తాగారు.

అలా ఆమె లిఫ్టులో ఉద్యోగంలో చేరింది. ప్లాస్టిక్ స్టూలు, ఛాతీకి బిళ్ల, ఒక రిజిస్టరు ఇచ్చారు. సంచీలో ఉండే కత్తెర మాత్రం లిఫ్టులో ఆమె దగ్గర ఉండకూడదు. పదునైన పరికరం కాబట్టి దాన్ని కింది అంతస్తులో అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేశారు. అత్యవసరమైతే అధ్యక్షుల వారికి దరఖాస్తు పెట్టుకుని తీసుకోవచ్చు.

కుక్క రాగానే ఆమె లేచి నిలబడాలి. "మెడ కొస లోపల ఉందా?" అని అడగాలి. యజమాని "ఉంది" అనాలి. "చేతి కొస లోపల ఉందా?" అని అడగాలి. "ఉంది" అనాలి. రెంటినీ తాకి చూసి, సమయం వేసి, సంతకం తీసుకుని, అప్పుడు మీట నొక్కాలి. కుక్క లేనివాళ్లు ఊరికే ఎక్కేస్తే కుక్కలున్నవాళ్ల పట్ల వివక్ష అవుతుందని ఎవరో లేవనెత్తారు. అందుకని వాళ్లు 'నా వద్ద ఏ కొసయూ లేదు' అని రాసి సంతకం పెట్టాలి. ప్రతి అంతస్తులోనూ లిఫ్టు ఇదంతా చేసుకుని బయల్దేరేది. పన్నెండో అంతస్తు నుంచి దిగడానికి ఇరవై ఎనిమిది నిమిషాలు పట్టేది. ఆఫీసులకు వెళ్లేవాళ్లు మెట్ల దారి పట్టారు. పది రోజులు తిరక్కుండానే ఆ భవనంలో చాలామంది నడుములు సన్నబడ్డాయి. కొలతలు మారిపోయి నూకరత్నానికి పాత జాకెట్లు కుట్లు బిగించే పని కూడా వచ్చిపడింది.

లిఫ్టులో మిగిలింది కుక్కలే. అవి మాత్రం ఈ పద్ధతిని చాలా ఇష్టపడ్డాయి. ప్రతిసారీ ఎవరో ఒకరు వంగి మెడ నిమురుతున్నారు. బొబ్బట్టు అయితే 'మెడ కొస' అనగానే గడ్డం ఎత్తి నిలబడేది.

పెళ్లి పన్నెండు రోజుల్లోకి వచ్చింది. సుహాసిని తల్లి రోజూ మెట్లు దిగొచ్చి లిఫ్టు గుమ్మంలో నిలబడేది. "నూకరత్నం, పిల్ల జాకెట్టు ఎంతవరకు వచ్చింది?"

"చేతులు అతకాలమ్మా. మీరు లోపలికి రాకండి, వస్తే సంతకం పెట్టాలి. అక్కడి నుంచే చెప్పండి."

మధ్యాహ్నాలు వంచిన మెడ ఎత్తకుండా కుట్టినా పని తరగలేదు. కూర్చున్న చోట కునికిపాట్లు పడి, ఒక చేతిని తిరగేసి అతికేసింది. ఆరేళ్లలో ఎప్పుడూ అలా జరగలేదు. కుట్టు విప్పుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు జరీ మీద పడకుండా తల పక్కకు తిప్పుకుంది.

మూడో సర్క్యులర్ దానంతట అదే వచ్చింది. ఆరో అంతస్తు వకీలు గారొకరు, తాడంటే రెండు కొసలున్న వస్తువని అచ్చులో ఉంది కాబట్టి, మెడలో టై వేసుకున్న తన కొడుకు పరిస్థితి ఏమిటని సరదాగా అడిగారు. దివాకరం గారు సరదా ఎరగరు. రెండు రోజులు ఆలోచించి, ఆయనకు ధన్యవాదాలు తెలుపుతూ నిర్వచనాన్ని విస్తరించారు. టైలు, చున్నీలు, ఉత్తరీయాలు, ఆఫీసు కార్డుల పట్టీలు, పిల్లల నీళ్ల సీసాల తాళ్లు, చెవుల్లో పెట్టుకునే ఫోను తీగలు, చీర కొంగులు అన్నీ కొసల పరిధిలోకి వచ్చాయి. కొంగుకు ఒక కొస కుచ్చిళ్లలో ఉంటుంది కాబట్టి దాన్ని ధ్రువీకరించడం ఎలా అన్న దాని మీద మహిళా ఉపసంఘం వేశారు. ఆ ఉపసంఘం మొదటి సమావేశంలో పకోడీలు తిని, అధ్యక్షుల వారికి శతాయుష్షు కోరుతూ తీర్మానం చేసి లేచిపోయింది.

ఆ సాయంత్రమే ఎర్నాయుడు ఇబ్బందిగా లిఫ్టు దగ్గరకొచ్చాడు.

"అమ్మా, మీ మెడలో టేపుంది."

నూకరత్నం చూసుకుంది. కొలతల టేపు, ఎప్పటిలాగే మెడ మీంచి రెండువైపులా వేలాడుతోంది.

"దానికి రెండు కొసలున్నాయమ్మా. మీరు ధ్రువీకరించుకోవాల."

"ధ్రువీకరించేదాన్ని నేనే కదా నాయుడూ."

"మీది మీరే సేసుకోకూడదంట. ఇంకో అధికారి ఉండాలంట. అధ్యక్షుల వారినే అడిగొచ్చినాను. అందాకా మీరు లిఫ్టులో ఉండకూడదంట. కానీ మీరు లేకపోతే లిఫ్టు కదలకూడదంట."

"అయితే ఏటి సెయ్యమన్నారు?"

"అదే మిమ్మల్నే అడిగి రమ్మన్నారమ్మా."

ఆమె టేపు తీసి సంచీలో పెట్టుకుంది. ఎర్నాయుడు ఊపిరి పీల్చుకున్నాడు. ఆ పరిష్కారాన్ని కార్యవర్గం తర్వాత తన నివేదికలో 'వినూత్న ప్రయోగము' అని రాసుకుంది.

పెళ్లికి తొమ్మిది రోజులుందనగా దివాకరం గారు మాక్ డ్రిల్ ప్రకటించారు. విధానం ఎంత పకడ్బందీగా ఉందో నివాసులందరి ఎదుటా నిరూపించి చూపాలి. అయితే డ్రిల్లులో నిజమైన కుక్కను వాడటం ప్రమాదకరం. అందులో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. బొమ్మ కుక్కను వాడితే వాస్తవికత లోపిస్తుంది. అందులోనూ భేదాభిప్రాయం లేదు. చివరికి కార్యవర్గ సభ్యుల్లోనే ఒకరు కుక్కగా వ్యవహరించాలని తీర్మానించారు. అలవాటు కొద్దీ సాంబమూర్తి గారు బలపరిచారు. మిగతావాళ్లందరూ ఆయన వైపు చూశారు.

ఆదివారం పదింటికి కింది అంతస్తులో జనం నిండిపోయారు. కుర్చీలు వేశారు, మైకు పెట్టారు. జగన్నాయకులు మాస్టారు బొబ్బట్టును ఒళ్లో కూర్చోబెట్టుకుని ముందు వరసలో ఉన్నారు. సాంబమూర్తి గారు మోకాళ్లకు దిండ్లు కట్టుకుని వచ్చారు. మెడకు తాడు కడతామంటే ఆయన భార్య ఒప్పుకోలేదు. నడుముకున్న బెల్టుకు కొక్కెంతో తగిలించారు. రెండో కొస అధ్యక్షుల వారి చేతిలో ఉంది.

నూకరత్నం లోపల స్టూలు పక్కన నిలబడింది. "లిఫ్టు కదలకుండా ఎవరైనా మీట పట్టుకోవాలండి," అంది.

"అవసరం లేదు. పదిన్నర వరకు ఎవరూ లిఫ్టు పిలవరాదని నిన్ననే సర్క్యులర్ ఇచ్చాను," అన్నారు దివాకరం గారు.

సాంబమూర్తి గారు నాలుగు కాళ్ల మీద లిఫ్టులోకి నడిచారు. జనం చప్పట్లు కొట్టారు. బొబ్బట్టు ఆసక్తిగా చెవులు నిక్కించింది.

"ఇప్పుడు," అన్నారు దివాకరం గారు మైకులో, "అజాగ్రత్త వలన ఏమి జరుగునో ముందు ప్రదర్శించి, పిమ్మట విధానము వలన అది ఎట్లు నివారింపబడునో చూపెదము. నేను అజాగ్రత్త గల యజమానిని. నా చేతిలో ఫోను ఉన్నది." ఫోను పైకెత్తి అందరికీ చూపారు. అది నిజంగానే మోగింది. ఆయన ఎత్తి, "మీటింగులో ఉన్నాను," అన్నారు.

సరిగ్గా అప్పుడే పదకొండో అంతస్తులో, సత్యనారాయణ వ్రతం చేయించి బయటికొచ్చిన పురోహితుడు లిఫ్టు మీట నొక్కారు. ఆయన బయటి మనిషి. సర్క్యులర్లు ఆయనకు అందవు.

తలుపు మూసుకుంది.

బయట అధ్యక్షుల వారు తాడు వదల్లేదు. అది అసోసియేషన్ ఆస్తి. రెండు అడుగులు దానితోపాటే పరుగెత్తి, లిఫ్టు తలుపుకు నమస్కారం పెడుతున్నట్టుగా ఆగి, అప్పుడు వదిలారు. అప్పటికే తాడు పిడి తలుపు సందులో ఇరుక్కుపోయింది. లోపల సాంబమూర్తి గారు వెనక్కి జారుతూ వెళ్లి తలుపుకు ఆనుకున్నారు. బెల్టు పొట్టలోకి దిగబడుతోంది. ఆయన అరవలేదు. నోరు తెరిచి నూకరత్నం వైపు చూశారు, అంతే. ఆ చూపు ఆమె అంతకుముందు ఒకసారి చూసిందే.

కత్తెర కింద అద్దాల పెట్టెలో ఉంది. ఆమె మోకాళ్ల మీద కూలబడి, బెల్టు కొన పట్టుకుని తన వైపు ఒక్క గుంజు గుంజి, ముల్లు తప్పించింది. రోజుకు వంద హుక్కులు పెట్టి తీసే వేళ్లు అవి. బెల్టు ఛెళ్లున ఎగిరి తలుపుకు కొట్టుకుని అక్కడే వేలాడింది. సాంబమూర్తి గారు నేల మీద బోర్లా పడి, రెండు చేతులతో పంట్లాము పట్టుకున్నారు.

"లేవకండి బాబూ. ముందు గాలి పీల్చండి."

"పీలుస్తున్నాను," అన్నారాయన.

పదకొండో అంతస్తులో తలుపు తెరుచుకుంది. పురోహితుడు ప్రసాదం గిన్నెతో నిలబడి ఉన్నారు. మోకాళ్లకు దిండ్లు కట్టుకుని, నడుము పట్టుకుని పాకుతూ వస్తున్న భారీ మనిషిని చూసి ఒక అడుగు వెనక్కి వేశారు.

"కంగారు పడకండి," అన్నారు సాంబమూర్తి గారు మెత్తగా. "నేను కుక్కని. అసోసియేషన్ తరఫున."

పురోహితుడు కాసేపు ఆలోచించి, ఆయన చేతిలో ప్రసాదం పెట్టారు.

సాయంత్రం అత్యవసర సర్వసభ్య సమావేశం జరిగింది. దివాకరం గారు లేచి, డ్రిల్లు మొదటి భాగం సంపూర్ణంగా విజయవంతమైందనీ, రెండో భాగానికి తేదీ ప్రకటిస్తామనీ అన్నారు. తర్వాత వాడుక ప్రకారం ఉపాధ్యక్షుల వైపు తిరిగారు.

"నేను బలపరచను," అన్నారు సాంబమూర్తి గారు.

ఆరేళ్లలో ఆ మాట ఎవరూ వినలేదు.

"నేను నాలుగు కాళ్ల మీద నిలబడి చూశాను," అన్నారాయన పొట్ట తడుముకుంటూ. "కింది నుంచి చూస్తే తాడు పట్టుకున్నవాడి ముఖం కనబడదండి. ఫోను అడుగు భాగం కనబడుతుంది. లోపలికి రమ్మంటే వెళ్లాను. వాడు కూడా వస్తాడనుకున్నాను. అంతే. నాకు నిబంధనలేవీ గుర్తు రాలేదు. ఈవిడ చేతులు మాత్రం కనబడ్డాయి. ఈవిడ మొదటి రోజే ఏదో చెప్పింది. నేను అది వినకుండా విధానాన్ని బలపరిచాను. అమ్మా, అది మళ్లీ చెప్పు."

నూకరత్నం లేచింది. ఇంతమందిలో మాట్లాడటం ఆమెకు కొత్త. పమిట సర్దుకుంది.

"ఏటుందండి సెప్పడానికి. తాడు పొట్టిగా పట్టుకోండి. కుక్కా మనిషీ కలిసే ఎక్కండి, కలిసే దిగండి. తలుపు మూసుకునేదాకా దాన్నే చూడండి. ఆ ఫోను తర్వాత చూసుకోవచ్చు. చిన్న కుక్కయితే ఎత్తుకోండి. అంతేనండి." ఒక్క క్షణం ఆగింది. "నాకు ఏడు రోజుల్లో పెళ్లుంది. ఇంకా ఆరు జాకెట్లున్నాయి. నేను వెళ్లొచ్చా?"

"బలపరుస్తున్నాను," అన్నారు జగన్నాయకులు మాస్టారు ముందు వరసలోంచి. వెనక నుంచి మిగతా పదిమంది కుక్కలవాళ్లు, తర్వాత సుహాసిని తల్లి, తర్వాత అందరూ చేతులెత్తారు.

సర్క్యులర్లను ఉపసంహరించడం సాధ్యం కాదనీ, పూర్వ సంప్రదాయం లేదనీ దివాకరం గారు చెప్పారు. రాత్రి భోజనాల వేళ దాకా చర్చించి, అవి 'సరళీకరింపబడినవి' అని ఒప్పుకున్నారు. తొంభై ఒకటో నిబంధన దస్త్రాన్ని సాంబమూర్తి గారు తన ఇంటికి తీసుకెళ్లి, ఎక్కడో పెట్టి మర్చిపోయానన్నారు. మర్నాడు పొద్దున్న లిఫ్టు పక్కన నూకరత్నం చేతిరాతతో అయిదు వాక్యాలు వెలిశాయి. రెండు అక్షరదోషాలున్నాయి. ఎవరూ దిద్దలేదు.

జాకెట్లు పెళ్లికి ముందురోజు మధ్యాహ్నానికి అందాయి. పీటల మీద సుహాసిని చేతులు ఎత్తి తలంబ్రాలు పోస్తుంటే చంక దగ్గర ఒక్క పోగు కూడా లాగలేదు. నూకరత్నం మూడో వరసలో కూర్చుని తాళికట్టు కంటే శ్రద్ధగా దాన్నే చూసింది.

పెళ్లయిన నాలుగో రోజున ఎదురు వీధిలోని మాధవీ ఎన్‌క్లేవ్ నుంచి ముగ్గురు పెద్దమనుషులు దివాకరం గారిని వెతుక్కుంటూ వచ్చారు. కొసల విధానం గురించి విన్నారట. మొత్తం సర్క్యులర్ల నకళ్లు కావాలట. దివాకరం గారి ముఖం పది రోజుల తర్వాత మళ్లీ వికసించింది. వాళ్లను వెంటబెట్టుకుని ఏడో అంతస్తుకు తీసుకొచ్చి, మాజీ అధికారిణి అని నూకరత్నాన్ని పరిచయం చేశారు.

"మీ అనుభవం మాకు కావాలమ్మా," అన్నారు వాళ్లలో పెద్దాయన.

"మీ దగ్గర ఎన్ని కుక్కలున్నాయండి?" అంది ఆమె, మిషను ఆపకుండానే.

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. "ప్రస్తుతానికి లేవు. మాది మూడంతస్తులే కాబట్టి లిఫ్టు కూడా ఇంకా రాలేదు. కానీ ముందుజాగ్రత్త కావాలి కదా."

"నియమావళి సిద్ధముగా ఉన్నచో మిగిలినవి సమకూర్చుకొనవచ్చును," అన్నారు దివాకరం గారు ఉత్సాహంగా. "ముందు కుక్కకు ఒక ఉపసంఘం వేద్దాం."

పెద్దాయన సంచీలోంచి ఒక కాగితం తీసి, ఆమె ముందు పెట్టి, నమస్కారం చేసి వెళ్లారు. నియామకపు ఉత్తర్వు. గట్టి కాగితం, పైన బంగారు అంచు, కింద ముగ్గురి సంతకాలు. నూకరత్నం దాన్ని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. మందంగా, ముడత లేకుండా ఉంది. ఎనిమిదో అంతస్తు వాళ్లమ్మాయి ఓణీల ఫంక్షనుకు పొట్టి చేతుల జాకెట్టు ఒకటి కొత్త కొలతకు కుట్టాలి. కాగితాన్ని బల్ల మీద పరిచి, సుద్దతో గీత గీసి, చేతి నమూనా కత్తిరించింది. భుజం వంపు సరిగ్గా సంతకాల మీదుగా వచ్చింది.